జాబ్ క్యూలో కనబడట్లేదు: పూర్తయిందా, మధ్యలో ఆగిపోయిందా ఎలా తెలుసుకోవాలి?

తొలిఅడుగు · సోమవారం ఉదయం 10:42

అందరికీ నమస్కారం. మా క్లస్టర్‌లో (కలిపి వాడే కంప్యూటర్ల గుంపు) జాబ్‌లని వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, నేను దానికి కొత్త. శుక్రవారం సాయంత్రం రెండు జాబ్‌లు సబ్మిట్ చేశాను. ఇవాళ క్యూ చూపే ఎస్‌క్యూ కమాండ్ కొట్టి చూస్తే ఒకటి ఇంకా పీడీలోనే (పెండింగ్) ఉంది, చివరి కాలమ్‌లో "ప్రయారిటీ" అని రాసుంది. రెండోది అసలు జాబితాలోనే లేదు. "ఎస్‌కంట్రోల్ షో జాబ్" అని దాని నంబర్ ఇస్తే, ఆ జాబ్ ఐడీ చెల్లదు అంటోంది. ఉత్త ఎస్‌యాక్ట్ కొడితే మొదటిదాని వరుస వస్తోంది గానీ రెండోది అందులోనూ లేదు.

రిజల్ట్ ఫైల్ తెరిస్తే ఖాళీ. అసలు ఆ జాబ్ నడిచిందా లేదా? మధ్యాహ్నం మా గైడ్‌గారికి ఏదో ఒకటి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.


పాతలాగ్ · 10:51

నడిచే ఉంటుందండీ, రికార్డు ఎక్కడికీ పోదు. ఇలా అడగండి:

ఎస్‌యాక్ట్ -జె 48213 --ఫార్మాట్=జాబ్‌ఐడీ,స్టేట్,ఎగ్జిట్‌కోడ్,ఎలాప్స్‌డ్,ఎండ్

48213 బదులు మీ నంబర్ పెట్టండి. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే ఎస్‌యాక్ట్ ఈరోజు అర్ధరాత్రి తర్వాత క్యూలో ఉన్నవీ, నడిచినవే చూపిస్తుంది. మీ రెండోది వారాంతంలోనే ముగిసిపోయింది కాబట్టి అందులో కనబడలేదు. నంబర్ తెలియకపోతే -ఎస్ (పెద్దక్షరం) పెట్టి తేదీ ఇవ్వొచ్చు.

ఎస్‌క్యూ, ఎస్‌కంట్రోల్ రెండూ కంట్రోలర్‌ని అడుగుతాయి. అది తన మెమరీలో ఉన్నవే చెబుతుంది. ముగిసిన జాబ్‌ని కాసేపు ఉంచుకుని తర్వాత తీసేస్తుంది. ఆ సెట్టింగ్ పేరు మిన్‌జాబ్‌ఏజ్, డిఫాల్ట్ 300 సెకన్లు. అంటే ముగిసిన ఐదు నిమిషాల తర్వాత మీరు ఎస్‌కంట్రోల్‌ని ఎంత అడిగినా "చెల్లదు" అనే అంటుంది. ఎస్‌యాక్ట్ మాత్రం అకౌంటింగ్ డేటాబేస్‌లో చూస్తుంది. అందులో పాతవి కూడా ఉంటాయి.


తొలిఅడుగు · 11:03

చాలా థ్యాంక్స్ అండీ, వచ్చింది. స్టేట్ "కంప్లీటెడ్", ఎగ్జిట్ కోడ్ 0:0, ఎలాప్స్‌డ్ 00:03:12.

కంప్లీటెడ్ అంటే పని అయిపోయినట్టే కదా? మరి ఫైల్ ఎందుకు ఖాళీగా ఉంది? ఈ లెక్కకి మూడు నిమిషాలు ఎలా సరిపోతాయి, గంటలు పట్టాలి.


రాత్రిబ్యాచ్ · 11:10

అందరినీ బోల్తా కొట్టించేది ఇక్కడే. కంప్లీటెడ్ అంటే మీ స్క్రిప్ట్ సున్నా ఎగ్జిట్ కోడ్‌తో (సున్నా అంటే తప్పేమీ లేదని) బయటికొచ్చింది అని మాత్రమే. లెక్క సరిగ్గా జరిగిందో లేదో స్లర్మ్‌కి తెలియదు, దానికి ఆ అవసరమూ లేదు.

షెల్ స్క్రిప్ట్‌లో చివరి కమాండ్ ఏ కోడ్ ఇస్తే మొత్తం స్క్రిప్ట్‌దీ అదే కోడ్. మీ స్క్రిప్ట్‌లో చివరి నాలుగైదు లైన్లు ఇక్కడ పెట్టగలరా? స్లర్మ్-48213.ఔట్ లాంటి పేరుతో ఒక ఫైల్, సబ్మిట్ చేసిన డైరెక్టరీలోనే ఉండాలి. అందులో ఏముందో కూడా చూడండి.


తొలిఅడుగు · 11:24

ఇది మా గ్రూప్‌లో అందరూ వాడే స్క్రిప్ట్. ముందు డేటాని స్క్రాచ్ అనే తాత్కాలిక డిస్క్‌లోకి కాపీ చేస్తుంది, తర్వాత:

పైథాన్ రన్.పీవై | టీ రన్.లాగ్
ఎకో "జాబ్ ముగిసింది"
డేట్

ఔట్ ఫైల్‌లో కాపీ లైన్ల తర్వాత "మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్", దాని కిందే "జాబ్ ముగిసింది", తేదీ ఉన్నాయి.


రాత్రిబ్యాచ్ · 11:33

దొరికింది. ఆ మూడు నిమిషాలూ డేటా కాపీకే పోయాయి. పైథాన్ మొదలవుతూనే పడిపోయింది. పడిపోయినా షెల్ ఆగదు, తర్వాతి లైన్‌కి వెళ్లింది. డేట్ కమాండ్ సక్సెస్ అయింది కాబట్టి స్లర్మ్‌కి అందిన కోడ్ సున్నా.

మొదటి కమాండ్ కంటే పైనే ఈ లైన్ పెట్టండి:

సెట్ -ఈయూఓ పైప్‌ఫెయిల్

"ఈ" వల్ల ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది. "పైప్‌ఫెయిల్" మీ విషయంలో తప్పనిసరి. అది లేకపోతే పైప్‌కి ఎడమవైపు ఉన్న పైథాన్ పడిపోయినా షెల్ లెక్కలోకి వచ్చేది కుడివైపున్న టీ కోడే, అది దాదాపు ఎప్పుడూ సున్నాయే. ఎకో, డేట్ లైన్లు తీసేసినా మీకు కంప్లీటెడ్ అనే వచ్చేది.

గ్రూప్‌లో అందరూ ఇదే వాడుతున్నారన్నారు. ఈ మార్పు వాళ్లకీ చెప్పండి. ఈ స్క్రిప్ట్‌తో నడిచిన ప్రతి కంప్లీటెడ్ జాబ్‌నీ ఔట్ ఫైల్ తెరిచి ఒకసారి సరిచూసుకోవడం మంచిది.


ప్రోటీన్‌మడత · 11:40

పైన చెప్పినదానికి నాదొక చేర్పు. నా స్క్రిప్ట్ ముగిసే ముందు రిజల్ట్ ఫైల్ ఉందా, ఖాళీగా లేదా అని ఒక టెస్ట్ ఉంటుంది. లేకపోతే ఎగ్జిట్ 1. అప్పుడు ఎస్‌యాక్ట్‌లో "ఫెయిల్డ్" అనే వస్తుంది, స్టేట్ చూసి నమ్మొచ్చు.


తొలిఅడుగు · 11:46

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాడ్యూల్ లోడ్ లైన్ కలిపి, సెట్ లైన్ పెట్టి మళ్లీ సబ్మిట్ చేశాను. ఇక మిగిలింది మొదటిది. శుక్రవారం నుంచి "ప్రయారిటీ" అనే ఉంది, పార్టిషన్‌లో (క్లస్టర్‌లో మాకిచ్చిన భాగం) మాత్రం కొన్ని నోడ్‌లు (కంప్యూటర్లు) ఖాళీగా కనబడుతున్నాయి. ఖాళీ ఉన్నా ఎందుకు ఇవ్వట్లేదు?


నోడ్‌కాపరి · 12:15

నేను వేరే చోట క్లస్టర్ అడ్మిన్‌ని. మాకు రోజూ వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పీడీ అనేది స్టేట్. మనకు పనికొచ్చే సంగతి రీజన్‌లో ఉంటుంది. "రిసోర్సెస్" అని ఉంటే మీ వంతు దాదాపు వచ్చింది, సరిపడా నోడ్‌లు ఖాళీ కావడమే తరువాయి. "ప్రయారిటీ" అంటే మీకంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్న జాబ్‌లు ముందున్నాయి. ఈ రెండూ మామూలే, చేయాల్సింది ఏమీ లేదు.

ఖాళీ నోడ్‌ల సంగతి. మీ ముందు ఎవరో ఎక్కువ నోడ్‌లు కావాలని అడిగి ఉంటారు. వాళ్ల కోసం షెడ్యూలర్ ఒక్కో నోడ్ ఖాళీ అవుతుంటే పక్కన పెడుతూ వస్తోంది. వాళ్ల జాబ్ మొదలయ్యేలోపు మీది ముగిసిపోతుందని షెడ్యూలర్‌కి నమ్మకం కుదిరితే మధ్యలో మీకు ఇచ్చేస్తుంది. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. ఆ నమ్మకం మీరు రాసిన టైమ్ లిమిట్‌ని బట్టే. మీరు --టైమ్ ఇచ్చారా? ఇవ్వకపోతే పార్టిషన్ డిఫాల్ట్ పడుతుంది. డిఫాల్ట్ కూడా పెట్టి ఉండకపోతే పార్టిషన్‌లో గరిష్ఠంగా ఎంత ఉంటే అంతా పడుతుంది. రెండు గంటల పనికి ఏడు రోజులు అడిగిన జాబ్ ఏ ఖాళీలోనూ పట్టదు.

ఇది కొట్టి చూడండి:

ఎస్‌క్యూ --స్టార్ట్ -జె మీ నంబర్

ఎప్పుడు మొదలవ్వొచ్చో అంచనా సమయం వస్తుంది. "ఎన్‌/ఏ" అని వస్తే షెడ్యూలర్ ఇంకా మీ జాబ్‌దాకా లెక్క వేయలేదని అర్థం. ఆ సమయం మాట ఇచ్చినట్టు కాదు. ముందున్నవి తొందరగా ముగిస్తే ముందుకొస్తుంది, కొత్తగా పెద్ద ప్రయారిటీ జాబ్ వస్తే వెనక్కి పోతుంది.


తొలిఅడుగు · 12:28

టైమ్ ఇవ్వలేదండీ. ఎస్‌కంట్రోల్‌లో టైమ్‌లిమిట్ 7-00:00:00 అని ఉంది. నా పనికి మహా అయితే ఆరు గంటలు. క్యాన్సిల్ చేసి మళ్లీ వేయాలా?


నోడ్‌కాపరి · 12:34

వద్దు! క్యాన్సిల్ చేస్తే క్యూలో ఇన్నాళ్లు వేచి ఉన్నందుకు వచ్చిన ఏజ్ పాయింట్లు పోతాయి. వేచి ఉన్న జాబ్‌కే మార్చండి:

ఎస్‌కంట్రోల్ అప్‌డేట్ జాబ్‌ఐడీ=నంబర్ టైమ్‌లిమిట్=08:00:00

యూజర్ తన జాబ్ టైమ్ తగ్గించుకోవచ్చు, పెంచడం అడ్మిన్ మాత్రమే చేయగలరు. అందుకే ఆరుకి ఆరే పెట్టకుండా కాస్త ఎక్కువ ఉంచండి. లిమిట్ దాటితే ముందు టర్మ్ సిగ్నల్, డిఫాల్ట్‌గా 30 సెకన్ల తర్వాత కిల్ సిగ్నల్ వస్తుంది, స్టేట్ "టైమౌట్" అవుతుంది.


పాతలాగ్ · 12:41

ఎంత వేచినా కదలని రీజన్లు కొన్ని ఉంటాయి, అవి కూడా తెలిసి ఉండాలి. "డిపెండెన్సీనెవర్‌శాటిస్‌ఫైడ్" అంటే ఆఫ్టర్‌ఓకే (ముందుది బాగా ముగిస్తేనే ఇది నడవాలన్న షరతు) పెట్టిన ముందు జాబ్ ఫెయిలైంది, ఇది ఇక ఎన్నటికీ మొదలవదు. క్లస్టర్‌లో వేరే సెట్టింగ్ లేకపోతే మీరు తీసేసేదాకా అలాగే పడి ఉంటుంది. "జాబ్‌హెల్డ్‌యూజర్" అంటే మీరే ఆపినది, రిలీజ్ చేయాలి. "జాబ్‌హెల్డ్‌అడ్మిన్" అయితే అడ్మిన్‌ని అడగాల్సిందే. "అసోక్", "క్యూఓఎస్" అనే అక్షరాలతో మొదలయ్యేవి మీ అకౌంట్ పరిమితులు. "పార్టిషన్‌టైమ్‌లిమిట్" అంటే పార్టిషన్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ టైమ్ అడిగారు.

"రెక్‌నోడ్‌నాట్‌అవైల్" వచ్చి పక్కన మెయింటెనెన్స్ కోసం రిజర్వ్ అని ఉంటే, మీ జాబ్ టైమ్ లిమిట్ ఆ మెయింటెనెన్స్‌లోకి చొచ్చుకొస్తోందన్నమాట. టైమ్ తగ్గిస్తే అప్పటికప్పుడు మొదలైనా ఆశ్చర్యం లేదు.


వేగిరం · 13:05

ఇన్ని కమాండ్లు ఎందుకండీ, నేనైతే పక్క టెర్మినల్‌లో "వాచ్ ఎస్‌క్యూ" వదిలేస్తాను. మొదలవగానే కళ్లముందే కనబడుతుంది.


నోడ్‌కాపరి · 13:18

దయచేసి అలా వద్దండీ. ఇది మీ ఒక్కరికీ అంటున్న మాట కాదు. వాచ్ డిఫాల్ట్‌గా ప్రతి రెండు సెకన్లకూ కమాండ్ నడుపుతుంది. ప్రతి ఎస్‌క్యూ కంట్రోలర్‌కి ఒక రిమోట్ కాల్. జాబ్‌లు షెడ్యూల్ చేసేదీ, మొదలుపెట్టేదీ, ముగించేదీ అదే కంట్రోలర్. నలభై యాభై మంది ఇలా వదిలేస్తే అది జవాబులు చెప్పుకుంటూ కూర్చుంటుంది, అసలు పని వెనకబడుతుంది. మీ జాబ్ తొందరగా మొదలవ్వాలని చూస్తూ మీరే దాన్ని ఆలస్యం చేసినట్టు అవుతుంది. షెల్ లూపుల్లో ఎస్‌క్యూ పెట్టవద్దని స్లర్మ్ మాన్యువల్‌లోనే స్పష్టంగా రాసుంది.

మెయిల్ పెట్టుకోండి. స్క్రిప్ట్‌లో --మెయిల్-టైప్=బిగిన్,ఎండ్,ఫెయిల్ చాలు. టైమ్_లిమిట్_80 కూడా కలిపితే లిమిట్‌లో 80 శాతం గడిచాక ఒక మెయిల్ వస్తుంది. ఎలాగైనా చూడాల్సిందే అంటే వాచ్‌కి -ఎన్ 60 ఇచ్చి, ఎస్‌క్యూకి --మీ పెట్టి మీ జాబ్‌ల వరకే అడగండి.


వేగిరం · 13:22

ఇంత భారం పడుతుందని ఎవరూ చెప్పలేదండీ. మెయిల్ పెట్టేస్తాను. కానీ ఒక జాబ్ ముగిశాకే రెండోది వేయాలంటే లూప్ తప్ప దారి ఏముంది?


రాత్రిబ్యాచ్ · 13:30

రెండూ ఇప్పుడే వేసేయండి. మొదటిదానికి ఎస్‌బ్యాచ్ --పార్సబుల్ పెడితే ఉత్త నంబర్ ఒక్కటే చేతికొస్తుంది. దాన్ని రెండోదానికి --డిపెండెన్సీ=ఆఫ్టర్‌ఓకే:నంబర్ అని ఇవ్వండి. ఫెయిలైనా రెండోది నడవాలంటే ఆఫ్టర్‌ఎనీ. ఆఫ్టర్‌ఓకే చూసేది ఎగ్జిట్ కోడ్‌నే, అందుకే పైన చెప్పిన సెట్ లైన్ ఇక్కడ ఇంకా ముఖ్యం. అబద్ధపు సున్నా వస్తే రెండో జాబ్ ఖాళీ ఫైల్ మీద నడుస్తుంది.


తొలిఅడుగు · 15:47

శుభవార్త. టైమ్ తగ్గించిన కాసేపటికే మొదటి జాబ్ ఆర్‌లోకి (రన్నింగ్) వచ్చింది! కానీ ఔట్ ఫైల్‌లో గంటకు పైగా ఒక్క లైను రాలేదు. ఇది నిజంగా పనిచేస్తోందా, ఊరికే ఉందా?


వానలెక్క · 16:02

వాతావరణ మోడల్స్ నడుపుతుంటాను, ఈ ప్రశ్న నాకు బాగా పరిచయం. ఆర్ అంటే మీకు నోడ్ ఇచ్చారు, మీ స్క్రిప్ట్ ఇంకా బతికి ఉంది అని. అంతకు మించి ఏమీ చెప్పదు. ఎంపీఐలో (ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) ఒక ప్రాసెస్ ఇంకోదాని కోసం ఎదురుచూస్తూ స్తంభించినా, టైమ్ లిమిట్ దాకా ఆర్ అనే ఉంటుంది.

మీది పైథాన్ కాబట్టి ముందు అనుమానించాల్సింది బఫర్‌ని. ఔట్‌పుట్ ఫైల్‌లోకి గానీ పైప్‌లోకి గానీ వెళ్తుంటే పైథాన్ ప్రింట్లని పోగేసి ఒకేసారి రాస్తుంది. తర్వాతిసారి "పైథాన్ -యూ" అని నడపండి, లైన్లు వెంటవెంటనే వస్తాయి. ఇప్పుడు నడుస్తున్నదాన్ని ఆపనక్కర్లేదు, ఇలా చూడండి:

ఎస్‌స్టాట్ -జె నంబర్.బ్యాచ్ --ఫార్మాట్=ఏవ్‌సీపీయూ,మ్యాక్స్‌ఆర్‌ఎస్‌ఎస్

కొన్ని నిమిషాల తేడాతో రెండుసార్లు అడగండి. సీపీయూ సమయం పెరుగుతోందంటే లెక్క నడుస్తోంది. పెరగకుండా అలాగే ఉంటే ఎక్కడో ఆగింది. ఇంకా దగ్గరగా చూడాలంటే అదే జాబ్‌లోకి వెళ్లొచ్చు:

ఎస్‌రన్ --జాబ్‌ఐడీ=నంబర్ --ఓవర్‌ల్యాప్ --పీటీవై బ్యాష్

లోపల టాప్ కొడితే మీ ప్రాసెస్ ఎంత సీపీయూ తింటోందో కనబడుతుంది. ప్రాసెస్ పక్కన డీ అనే స్టేట్ అదే పనిగా కనిపిస్తే అది ఎక్కువగా డిస్క్ కోసమో, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ కోసమో ఎదురుచూస్తోందని.


తొలిఅడుగు · 16:20

ఏవ్‌సీపీయూ మొదట 01:11:40, తర్వాత 01:18:05. పెరుగుతోంది! మనసు కుదుటపడింది. గైడ్‌గారికి కూడా ఇదే చెప్పాను, కొనసాగించమన్నారు.


ప్రోటీన్‌మడత · 16:31

మ్యాక్స్‌ఆర్‌ఎస్‌ఎస్ (జాబ్ వాడిన గరిష్ఠ మెమరీ) మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. అది మీరు అడిగిన మెమరీకి దగ్గరపడితే ప్రమాదమే. ముగిశాక ఎస్‌యాక్ట్‌లో ఆ అంకె బ్యాచ్ అని ఉన్న వరుసలో వస్తుంది, పై వరుసలో ఖాళీ ఉంటుంది. అది చూసి మెమరీ లెక్క లేదనుకునేవాళ్లు చాలామంది. మెమరీని డిఫాల్ట్‌గా 30 సెకన్లకోసారి కొలుస్తారు కాబట్టి, క్షణంలో ఎగిరి పడిపోయే జాబ్‌కి ఈ అంకె తక్కువగా కనిపించవచ్చు. మీ క్లస్టర్‌లో సెఫ్ అనే కమాండ్ ఉంటే ముగిసిన జాబ్ సీపీయూ, మెమరీ ఎంతవరకు వాడుకుందో శాతాల్లో చూపిస్తుంది.


కొత్తక్యూ · 17:10

మా దగ్గర స్లర్మ్ లేదు, పీబీఎస్. పైగా పక్క గ్రూప్‌లో ఎల్‌ఎస్‌ఎఫ్ వాడతారు. వీటిలో ఇవే ఎలా చూడాలి?


పాతలాగ్ · 17:26

పీబీఎస్‌లో క్యూస్టాట్. క్యూ అంటే వేచి ఉంది, ఆర్ నడుస్తోంది, హెచ్ హోల్డ్‌లో ఉంది, ఈ అంటే ముగింపు పనుల్లో ఉంది. ఈ చూసి ఎర్రర్ అని కంగారుపడకండి. ముగిసినవి కావాలంటే పీబీఎస్ ప్రోలో క్యూస్టాట్ -ఎక్స్, పూర్తి వివరాలకు -ఎఫ్. వేచి ఉన్నదానికి కారణం -ఎఫ్ ఇచ్చినప్పుడు కామెంట్ అనే లైన్లో ఉంటుంది.

ఎల్‌ఎస్‌ఎఫ్‌లో బీజాబ్స్. పెండ్ ఎందుకో బీజాబ్స్ -పీ చెబుతుంది, పాత చరిత్రకు బీహిస్ట్. బీపీక్ అని ఒకటుంది, నడుస్తున్న జాబ్ ఔట్‌పుట్‌ని ఉన్నపళంగా చూపిస్తుంది. అక్కడ బాగా ముగిస్తే డన్, ఎగ్జిట్ కోడ్ సున్నా కాకపోతే "ఎగ్జిట్". డన్ గురించి కూడా రాత్రిబ్యాచ్ గారు చెప్పిన జాగ్రత్తే.


వేగిరం · మంగళవారం ఉదయం 9:35

ఒక జాబ్ రాత్రి నుంచి సీజీలోనే ఉంది. స్క్యాన్సెల్ చేసినా పోవట్లేదు. నా వైపునుంచి చేయాల్సింది ఏమైనా ఉందా?


నోడ్‌కాపరి · 9:52

సీజీ అంటే జాబ్ ముగిసింది, నోడ్‌ని శుభ్రం చేస్తున్నారు. మామూలుగా కొన్ని సెకన్ల పని. గంటలు పడితే ఏదో ప్రాసెస్ కిల్ సిగ్నల్‌కీ లొంగకుండా ఉంది. చాలాసార్లు ఫైల్ సిస్టమ్ స్పందించక డీ స్టేట్‌లో ఇరుక్కుని ఉంటుంది. మళ్లీ మళ్లీ స్క్యాన్సెల్ కొట్టినా లాభం లేదు. జాబ్ నంబర్, నోడ్ పేరు రాసి మీ అడ్మిన్‌కి పంపండి. ఆ నోడ్‌ని డ్రెయిన్‌లో పెట్టి (కొత్త జాబ్‌లు రాకుండా ఆపి) రీబూట్ చేస్తారు. మీ రిజల్ట్ ఫైళ్లు అప్పటికే డిస్క్ మీద ఉంటే వాటికి ఇబ్బంది లేదు.


తొలిఅడుగు · 10:14

నిన్నటి రెండు జాబ్‌లూ పూర్తయ్యాయి, ఈసారి రిజల్ట్ ఫైల్ తెరిచి చూశాకే పూర్తయ్యాయంటున్నాను. రాత్రి 100 టాస్కుల యారే జాబ్ (ఒకే స్క్రిప్ట్‌ని చాలాసార్లు నడిపేది) వేశాను. ఎస్‌యాక్ట్‌లో వందల వరుసలు వస్తున్నాయి, కొన్నిటి స్టేట్ "ఔట్_ఆఫ్_మీ+" అని సగంలో ఆగింది. ఫెయిలైనవి మాత్రమే తీసి మళ్లీ వేయడం ఎలా?


ప్రోటీన్‌మడత · 10:27

ప్లస్ గుర్తు అంటే కాలమ్ చాలక కత్తిరించింది, అది ఔట్_ఆఫ్_మెమరీ. స్టేట్ తర్వాత శాతం గుర్తు, 20 పెడితే పూర్తిగా వస్తుంది. -ఎక్స్ (పెద్దక్షరం) ఇస్తే బ్యాచ్, ఎక్స్‌టర్న్ వరుసలు పోయి టాస్కుకి ఒకటే వరుస ఉంటుంది:

ఎస్‌యాక్ట్ -ఎక్స్ -ఎన్ -జె నంబర్ --ఫార్మాట్=జాబ్‌ఐడీ%20,స్టేట్%20 | గ్రెప్ -వీ కంప్లీటెడ్

జాబ్ ఐడీలో అండర్‌స్కోర్ తర్వాత ఉన్నది టాస్క్ నంబర్. ఆ నంబర్లను కామాలతో ఎస్‌బ్యాచ్ --యారేకి ఇస్తే అవే మళ్లీ నడుస్తాయి. మెమరీ చాలనివాటికి --మెమ్ పెంచి, టైమౌట్ అయినవాటికి --టైమ్ పెంచి విడివిడిగా వేయండి. అన్నిటికీ రెండూ పెంచితే మళ్లీ క్యూలో వెనకబడతాయి.


తొలిఅడుగు · 10:49

17, 41, 58 మెమరీ. 73, 90 టైమౌట్. రెండు విడివిడి జాబ్‌లుగా వేశాను, మెయిల్ కూడా పెట్టాను. మెమరీవి మూడూ ఇప్పటికే ఆర్‌లో ఉన్నాయి.